వారమునకు మొదటి దినమేది?

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 1:31 – 2:3; నిర్గమ 20:8–11; ద్వితీయోప. 5:12–15, యోహాను 20:1, 19, 26, అపొ. కార్య. 20:7–12, 1 కొరింథీ 16:1–2.

ఈ నెల పాఠము చూచుటకు చిన్నపిల్లల ప్రశ్నవలె నుండును. వారములో మొదటి దినమేది? ఆదివారమా, సోమవారమా? సండే స్కూలు పిల్లవాని నడిగినను తడుముకొనక జవాబు చెప్పును. ఇద్దరి నడిగితే మాత్రము రెండు జవాబులు వచ్చును. పెద్దల సంగతియు ఇంచుమించు అంతే.

నేనెరిగిన యొక యింట ఈ ప్రశ్నమీద భార్యాభర్తలకు చాల ఏండ్లనుండి సరదా తగవు నడుచుచున్నది. ఆయన హుబ్బళ్ళి రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవారు. ఆయన లెక్కకు వారము సోమవారముతో మొదలు. ముప్పదియేండ్లు సోమవారము ఉదయము సైరను కూతతో లేచి పనికి పరుగెత్తిన మనిషి మరి. ఆమె లెక్కకు ఆదివారమే మొదలు. ఆమెకు సాక్ష్యము వంటింటి గోడమీది క్యాలెండరు. పాలవాని లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, స్త్రీల సమాజపు చందా అన్నియు దానిమీదనే వ్రాసికొనును. ఆయనకు సాక్ష్యము మనుమడు అమర్చి యిచ్చిన సెల్‌ఫోను. అందులో సోమవారము ముందు, ఆదివారము చివర.

ఒక శనివారము సాయంకాలము కుమారుడు ఫోను చేసి, "అమ్మా, వచ్చే వారం ఆదివారం మా అత్తగారూ మామగారూ మనింటికి వస్తారట" అని చెప్పెను. ఆమె లెక్కలో వచ్చే వారపు ఆదివారమనగా తెల్లవారితేనే. అప్పటికప్పుడు కోడిని తెప్పించి మసాలా నూరి పెట్టెను. "నీకు తొందరెక్కువే, ఇంకా ఎనిమిది రోజులుంది" అని ఆయన అనుచునే యున్నారు. ఆరాధన ముగించుకొని వచ్చి రెండు గంటలవరకు గుమ్మము వైపు చూచిరి గాని చుట్టములు రాలేదు. ఆ కూర ఇద్దరే రెండు పూటలు తినిరి. వియ్యంకులు ఆపై ఆదివారము వచ్చిరి. ఆయన తన గెలుపును నాకు చెప్పుకొనుచుండగా ఆమె వంటింట్లోనుండి, "గెలిచారు లెండి అన్నయ్యగారూ, ఆ గెలుపుకి రెండో కోడి కొనాల్సొచ్చింది" అనెను.

ఆమె వాదన ఇది: "పేరులోనే ఉంది కదండీ, ఆది అంటే మొదలు. బైబిలు మొదటి మాట కూడా ఆదియందు అనే కదా." ఆయన వాదన: "మరి శని, ఆదివారాల్ని వీకెండ్ అని ఎందుకంటారే? ఎండ్ అంటే చివరే కదా." దానికి ఆమె, "మంచానికి తలవైపూ కొసే, కాళ్ళవైపూ కొసే. రెండూ కొసలే" అనెను. "మాస్టారూ, మీరే తీర్పు చెప్పండి" అని నన్నడిగిరి. తీర్పు చెప్పి ఆ యింట భోజనము పోగొట్టుకొనుట నాకిష్టము లేదు. అందుచేత కొంత చదివి చూచితిని. చదివిన కొలది అది నవ్వుకొని వదలిపెట్టు ప్రశ్న కాదని తోచినది.

మొదట పేరు సంగతి. ఆమె మాట చెవికి ఇంపుగానే యున్నది గాని వ్యాకరణ మొప్పదు. ఆదివారములోని ఆది ఆదిత్యుడు, అనగా సూర్యుడు. ఆదిత్యవారము నోళ్ళలో అరిగి ఆదివారమైనది. ఉర్దూవారి ఇత్వార్ కూడ ఆ మాటే, ఇంకను ఎక్కువ అరిగినది. మనము నివసించు ప్రాంతముల భాషలన్నియు సూర్యునే చెప్పుచున్నవి. మహారాష్ట్రలో రవివార్, ఒడిశాలో రొబిబారొ, హుబ్బళ్ళి వైపు రవివార, బెంగళూరు వైపు భానువార. తమిళమువారి ఞాయిట్రుక్కిళమైలో ఞాయిఱు అనగా సూర్యుడే. ఫ్రెంచి పాలన చూచిన యానాములో మాత్రము వేరొక పేరు వినబడెడిది. ఫ్రెంచివారు ఆదివారమును దిమాంష్ అందురు. అది లాటిను భాషలోని ప్రభువు దినము అను మాటనుండి పుట్టినది. వారి శనివారపు పేరు సామ్‌దీ. అది విశ్రాంతిదినమైన సబ్బాతు అను మాటనుండి వచ్చినది.

వారము అను మాట కూడ తమాషాయైనది. దాని పాత అర్థము వంతు. బీద విద్యార్థులు రోజున కొక యింట వంతుగా తిని చదువుకొనుటను "వారాలు చేసికొనుట" అనెడివారు గదా. ఒక్కొక్క దినము ఒక్కొక్క గ్రహము వంతు గనుక సోమవారము, మంగళవారము అని పేర్లు వచ్చినవి. తెలుగులో దినము పేరులోను వారమే, ఏడు దినములకును వారమే. అందుచేత మనకు తికమక కొంచెమెక్కువ.

ఈ గ్రహముల వరుస ఎట్లు వచ్చినదో తరగతిలో చెప్పినట్లు చెప్పెదను. పిల్లలకు నల్లబల్లమీద వేసి చూపింపవచ్చును. పూర్వికులు ఆకాశములో మెల్లగా కదలువానినుండి త్వరగా కదలువానివరకు ఇట్లు వరుస పెట్టిరి: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. దినమునకు 24 గంటలు. గంటకొక గ్రహము చొప్పున వంతు వేసిరి. మొదటి గంట ఎవరిదో ఆ దినము వారి పేరు. రవితో మొదలుపెట్టి లెక్కించుడి. ఎనిమిదవ గంట, పదునైదవ గంట, ఇరువదిరెండవ గంట మరల రవివే యగును. ఇరువదిమూడు శుక్రునిది, ఇరువదినాలుగు బుధునిది. మరునాటి మొదటి గంట చంద్రునిది, అనగా సోమవారము. అట్లే కొనసాగించిన మంగళ, బుధ, గురు, శుక్ర, శని వరుసగా వచ్చును. ఈ లెక్క గ్రీకుల జ్యోతిషముతో మన దేశమునకు చేరినదని చరిత్రకారులు చెప్పుదురు. మన దేశములో వారము పేరు కనబడు మిక్కిలి పాత శాసనములలో మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ శాసన మొకటి. బుధగుప్తుని కాలమున క్రీ.శ. 484లో వేయించిన దానిలో గురువారము చెప్పబడినది. అయితే గ్రహముల లెక్క గానుగెద్దు నడక వంటిది. చుట్టు తిరుగును గాని మొదలెక్కడో చెప్పదు. పాత రోమనులు శనివారముతో ఎత్తుకొనిరి. మన పంచాంగములు ఆదివారముతో ఎత్తుకొనును.

మొదలు చెప్పునవి అంకెలతో పేర్లు పెట్టిన భాషలు. హెబ్రీలో ఆదివారము పేరే మొదటి దినము, సోమవారము రెండవ దినము. అరబ్బీలోను అంతే. గ్రీకులో సోమవారమును రెండవది అందురు. వీరందరు ఆమె పక్షము. రష్యా భాషలో మంగళవారము పేరు రెండవది అను మాటనుండి, శుక్రవారము ఐదు అను మాటనుండి వచ్చినవి. చైనావారు సోమవారమును వారపు ఒకటి అందురు. వీరు ఆయన పక్షము. 1988లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము కూడ సోమవారమునకే ఒకటవ అంకె యిచ్చినది. ఆయన ఫోనులోని లెక్క అదే. బడి టైంటేబిల్ కూడ సోమవారముతోనే మొదలగును గనుక మన పిల్లలలో చాలమంది ఆయనతో ఏకీభవింతురు.

ఇక మన గ్రంథములోనికి వత్తము. బైబిలులో ఏడు దినములలో పేరు గలది విశ్రాంతిదినమే. దానికి ముందటి దినమును సిద్ధపరచు దినమందురు. మిగిలినవి లెక్కతో చెప్పబడినవి. ప్రభువు లేచిన దినమును నాలుగు సువార్తలును గ్రీకు మూలములో వారపు మొదటి దినమనియే చెప్పుచున్నవి. మన పాత తెలుగు అనువాదకులు ఆ చోట్ల "ఆదివారమున" అని వ్రాసిరి. సులభముగా తెలియుటకు అట్లు వ్రాసియుందురు, తప్పు లేదు. కాని అంకె మనకు కనబడకుండ పోయినది. తమిళ బైబిలులో వారపు మొదటి దినము అనియే యున్నది. చెన్నైలోని మన పిల్లలు బడిలో తమిళము చదివి, ఇంట తెలుగు బైబిలు చదువుదురు. వారికి రెండును ప్రక్కప్రక్కన పెట్టి చూపించిన యెడల, తెలుగు మాత్రమే చదివిన తాతకు కనబడనిది మనుమనికి కనబడును.

కాబట్టి లేఖనపు లెక్క ఆమెదే. అయితే ఆయన పక్షమునను ఒక మాట యున్నది. దేవుడు ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున విశ్రమించెను. పని ముందు, విశ్రాంతి తరువాత. రైల్వే మనిషికి ఇది బాగుగా అర్థమగును. కాని అదే అధ్యాయమును ఆదాము వైపునుండి చదివి చూడుడి. నరుడు ఆరవ దినమున చేయబడెను. అతడు కండ్లు తెరచి చూచిన మొదటి నిండు దినము విశ్రాంతిదినమే. అతడు ఒక గడ్డపార పట్టలేదు, ఒక విత్తనము చల్లలేదు, అప్పుడే సెలవు! దేవునికి చివరిదైనది మనుష్యునికి మొదటిదైనది. ఈ సంగతి నాకు ఆ దంపతుల తగవు వలననే కనబడినది.

నిర్గమకాండములో విశ్రాంతిదినమునకు చెప్పబడిన కారణము సృష్టి. ద్వితీయోపదేశకాండములో అదే ఆజ్ఞకు కారణము వేరు: మీరు ఐగుప్తులో దాసులై యుంటిరి, విడిపింపబడితిరి. దాసునికి వారము లేదు. పిలిచినప్పుడు పోవలెను, అంతే. ఈ రెండవ కారణము మన పెద్దలకు వివరింపనక్కరలేక పోయెను. ఒంగోలు ప్రాంతమున 1866 తరువాత క్లౌ దొరగారి బోధ విని మాదిగవారు విశ్వాసులైనప్పుడు వారికి ముఖ్యముగా చెప్పబడినవి మూడు: ఆదివారమున పని మానుట, చచ్చిన పశువుల మాంసము మానుట, విగ్రహారాధన మానుట. నేటి మన చెవులకు మొదటిది అన్నిటికంటె తేలికగా వినబడును. వారికి అది అన్నిటికంటె బరువైనది. చెప్పులు కుట్టుట, బావినుండి నీరు తోడు తోలుబానలు బాగుచేయుట, పొలములో రైతు పిలిచిన పని, జాతరలలో డప్పు, ఇవన్నియు ఊరి కట్టుబాటు ప్రకారము వారు చేయవలసినవి. వారములో ఒక దినమున "రేపు వస్తానండీ" అని మాదిగవాడు చెప్పుట ఊరి పెద్దలకు ఎదురుతిరుగుటగా కనబడెను. అందువలన హింస వచ్చెను. ఆ మనుష్యులలో చాలమందికి చదువు లేదు, పంచాంగము తెలియదు, ఇంట క్యాలెండరు లేదు. అయినను ఏడు దినములలో ఒకటి దొరది కాదు, కరణముది కాదు అని నిలువబడిరి. వారి మునిమనుమలమైన మనము ఇతర రాష్ట్రములలో ఉద్యోగములు చేసికొనుచు, ఆదివారమనగా ఆలస్యముగా లేచు దినమని అనుకొనుట నాకు కష్టముగా నున్నది.

ప్రక్కమాటగా ఒకటి చెప్పెదను. గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి యొద్ద ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన 1878 జూలై 3వ తేదీ ఏ వారమని లెక్కగట్టితిని. బుధవారము!

ఇప్పుడు కష్టమైన చోటికి వచ్చితిమి. మన సంఘములలో అందరికి ఆదివారము సెలవు లేదు. ఆసుపత్రిలో నర్సులుగా, మునిసిపాలిటీలో పారిశుద్ధ్య పనివారుగా, రైళ్ళలో, సెక్యూరిటీ కాపలాలో, దుకాణములలో పనిచేయువారున్నారు. వారికి వారపు సెలవు మంగళవారమో గురువారమో. అట్టి సహోదరి యొకతె మూడు వారములు కనబడకపోయిన యెడల, "ఆమె లోకములో పడిపోయినది" అని గుసగుసలాడు పెద్దలను నేను చూచితిని. వారు చరిత్ర చదువవలెను. మొదటి క్రైస్తవులకు దాదాపు 300 ఏండ్లు ఆదివారము సెలవు లేదు. క్రీ.శ. 321 మార్చి 7న కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆజ్ఞ వచ్చువరకు రోమా రాజ్యములో అది పని దినమే. ఆ ఆజ్ఞయు పట్టణస్థులకే గాని వ్యవసాయదారులకు కాదు. 112 ప్రాంతమున ప్లినీ అను అధికారి చక్రవర్తికి వ్రాసిన ఉత్తరములో క్రైస్తవులు నియమిత దినమున తెల్లవారక ముందే కూడుకొనుచున్నారని తెలిపెను. త్రోయలో పౌలు బోధించినప్పుడు ఐతుకు కిటికీలో నిద్రపోయిన సంగతి మనము నవ్వుచు చెప్పుకొందుము. అది రాత్రి కూటము. పగలు పనిచేసి వచ్చిన కుఱ్ఱవాడై యుండవచ్చును.

150 ప్రాంతమున రోమాలో జస్టిన్ అను విశ్వాసి తాము సూర్యుని దినమున కూడుకొనుటకు రెండు కారణములు వ్రాసెను: దేవుడు సృష్టిని ఆరంభించిన దినము అది, క్రీస్తు లేచిన దినమును అదే. సెలవు దినము గనుక అని వ్రాయలేదు, ఎందుకనగా అప్పుడు సెలవు లేదు. కొందరు దానిని ఎనిమిదవ దినమనియు అనిరి. యోహాను 20:26లో ఎనిమిది దినములైన తరువాత అని యున్నది గదా. ఆ కాలపు లెక్కలో మొదటి దినమును చివరి దినమును కూడ కలుపుకొందురు గనుక అది మరుసటి ఆదివారమే. ఫ్రెంచివారు నేటికిని వారమును ఎనిమిది దినములందురు. మన రైల్వే సహోదరుడు "ఇంకా ఎనిమిది రోజులు" అన్నది మాత్రము మామూలు లెక్క.

మన దేశములో ఈ సెలవు ఊరక రాలేదు. బొంబాయి బట్టల మిల్లులలో వారపు సెలవు కొరకు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుండి పోరాడగా, 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారము సెలవునకు ఒప్పుకొనిరి. ఆయన జోతిరావు ఫూలే అనుచరుడు. ఆ మిల్లులలో మన తెలుగువారును నేత నేసిరి గనుక మహారాష్ట్ర సంఘములవారు ఆయన పేరు తమ పిల్లలకు చెప్పవలెను. తరువాత 1948లో చేయబడిన ఫ్యాక్టరీల చట్టములో వారమనగా శనివారము అర్ధరాత్రితో మొదలగు ఏడు దినములని వ్రాసిరి. ఆ వారపు మొదటి దినమున పనివానిచేత పని చేయింపరాదని విధించిరి. ఈ సంగతి నేను హుబ్బళ్ళి సహోదరునికి చదివి వినిపించితిని. ఆయన పనిచేసిన వర్క్‌షాపు వంటివాటికి వర్తించిన చట్టమే ఆయన భార్య పక్షమున సాక్ష్యము చెప్పినది! ఆయన కొంచెము సేపు ఊరకుండి, "అయితే ముప్పయ్యేళ్ళూ నేను రెండో రోజున మొదలుపెట్టానన్నమాట" అనిరి. ఆమె కాఫీ తెచ్చి యిచ్చెను గాని ఏమియు అనలేదు. అదియు ఒక విధమైన గెలుపే.

ఆయన అన్న మాటలో సంగతి యున్నది. వారము సోమవారముతో మొదలైన యెడల ఆదివారము కూలివంటిది. ఆరు దినములు కష్టపడితిని గనుక నాకిది రావలెను అని అనిపించును. అలసట ఎక్కువైన వారము ఆరాధనకు పోకపోయినను ఫరవాలేదనియు అనిపించును. వారము ఆదివారముతో మొదలైన యెడల అది కూలి కాదు. ఇంకను ఏ పనియు చేయకముందే చేతిలో పెట్టబడినది. 1 కొరింథీ 16:2లో పౌలు కానుకను మొదటి దినముననే తీసి యుంచుమని చెప్పుటలో ఈ వరుసయే కనబడును. శనివారము కూలిడబ్బు అందుకొని, ఆదివారము సంతకు పోకముందే కొంత తీసి డబ్బాలో వేసిన తల్లులు ఈ వచనమును వ్యాఖ్యానము లేకుండనే గ్రహించిరి. ఖర్చులు పోను మిగిలినది వేయుదమనుకొన్నవారికి ఏనాడైనను మిగిలినదా?

ఆదివారము డ్యూటీ పడిన నర్సు తెల్లవారుజామున 5 గంటలకు భర్తతోను పిల్లలతోను ఒక కీర్తన పాడి, ప్రార్థించి బస్సెక్కిన యెడల ఆమె వారము సరిగానే మొదలైనది. ప్లినీ కాలపు విశ్వాసులు చేసినది అదే. అయితే సంఘము ఆమెను అంతటితో వదలిపెట్టకూడదు. ఆమె సెలవు దినమున ఇద్దరు ముగ్గురు పెద్దలు ఆమె యింట కూడుకొని వాక్యము చదువుట, నెలకొకసారి సాయంకాలమున ప్రభురాత్రి భోజన సంస్కారము పెట్టుట కష్టమైన పని కాదు. సంఘ కమిటీలు ఈ సంగతి ఆలోచింపవలెనని నా మనవి. ఉదయము పదిన్నరకు కూడుకొనుట లేఖనములో ఎక్కడను వ్రాయబడలేదు.

ఈ పాఠము చెప్పువారు పిల్లలచేత ఏడు దినముల పేర్లను తెలుగులోను, తమ రాష్ట్రపు భాషలోను ఒక కాగితముమీద ప్రక్కప్రక్కన వ్రాయింపవలెను. తరువాత మత్తయి 28:1ని తెలుగు బైబిలులోను, ఆ భాష బైబిలులోను చదివించి తేడా వారినే కనుగొననియ్యవలెను. పెద్దల తరగతిలో, తమ సంఘములో ఆదివారము పనికి పోవువారెందరో, వారి సెలవు దినమేదో పేరుపేరున వ్రాసికొనుడి. ఇకమీదట ప్రకటనలు చదువు కార్యదర్శులు "వచ్చే వారం ఆదివారం" అని చెప్పక, తేదీ చెప్పుడి.